నిలవని ముల్లు

“మళ్లీ ఆగిపోయింది.”

వంటింటి బాల్కనీ గుమ్మంలో నిలబడి, శాలువాలో చుట్టిన పాపను గుండెకు హత్తుకుని ఎస్మా ఆ మాట అంది. గోడకు తగిలించిన బాయిలర్ మీద ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. ఇల్లు వేడెక్కాలన్నా, కుళాయిలో వేడినీళ్లు రావాలన్నా ఆ పెట్టే ఆధారం. నిన్న పొద్దుట్నుంచి అది మొరాయిస్తోంది.

“ఆగక ఏం చేస్తుంది? దానికి మాత్రం చలి వెయ్యదూ?” పడగ్గదిలోంచి ఎస్మా తల్లి హిక్మెత్ గొంతు, వెంటనే సంచీ జిప్పు లాగిన చప్పుడు. “నేను పాప బట్టలు సర్దేస్తున్నా. మీ నాన్న కుతాహ్యాలో కారెక్కేశాడట. వచ్చేస్తున్నాడు.”

సరిగ్గా ఆ చప్పుడు వినపడే వేళకే కింది అంతస్తు నుంచి పెరిహాన్ మెట్లెక్కి వచ్చింది. చేతిలో లిండెన్ పువ్వుల కషాయం, పొగలు కక్కుతూ. తోటికోడలు ఎస్మా వంక చూడలేదు, బాయిలర్ వంకా చూడలేదు. తెరిచి ఉన్న పడగ్గది తలుపులోంచి మంచం మీది సంచీ వంకే చూసింది. పాప పసుపుపచ్చ ఊలు టోపీ అప్పటికే అందులోకి వెళ్లిపోయింది. ఆ టోపీ అల్లింది ఆమే.

“వదినగారూ,” అంది అత్తగారు మక్బులె, పొయ్యి పక్కన కుర్చీలో కోటు మీద కోటు వేసుకుని కూర్చుని. “నలభై రోజులు నిండకుండా బాలింత గడప దాటకూడదు. మా ఇంట్లో ఎవరూ దాటలేదు.”

“దాటకూడదనే నేనూ అనుకున్నా వదినగారూ. గడపకి ఇటువైపు కూడా మంచు గడ్డకడుతుంటే ఏం చెయ్యమంటారు?”

“ఇంకెంత, వచ్చే వారమేగా నలభై రోజుల స్నానం!”

“వారంలో పసిగుడ్డుకి రొమ్ము పడిశం పట్టడానికి ఒక్క రోజు చాలు.”

వియ్యపురాళ్లిద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. ఆ మర్యాద వింటుంటేనే ఇంట్లో మిగతావాళ్లకి వణుకు పుడుతోంది.

“కిందకి నా దగ్గరికి తీసుకురమ్మంటే వినరాయె,” అంది మక్బులె.

“మీ గదిలో బొగ్గుపొయ్యి. ఏటా చలికాలం పేపర్లో చూడ్డంలేదూ, పొగకి నిద్రలోనే పోయినవాళ్ల ఫొటోలు?”

మక్బులె మూతి బిగించింది. అరవై ఏళ్లుగా తను బొగ్గుపొయ్యి పక్కనే పడుకుంటోంది, ఇంతవరకూ తన ఫొటో పేపర్లో పడలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ మింగేసింది. కోడలి వైపు తిరిగింది. “పెరిహాన్, ఆ రాగి బేసిన్ దొరికిందా? ఎవరెళ్లినా ఎవరున్నా స్నానానికి అది కావాలి. నా కొడుకులిద్దరికీ అందులోనే పోశాను.”

“చూస్తానత్తయ్యా. అటక మీద ఉంటుంది.”

“అటక మీద చూశానన్నావుగా మొన్న?”

“మళ్లీ చూస్తా.”

కషాయం గ్లాసు ఎస్మా చేతికిచ్చి, పాపను తీసుకోవడానికి చేతులు చాపింది పెరిహాన్. అంతలో హిక్మెత్ వచ్చి, నవ్వుతూనే, మనవరాలిని తను అందుకుంది. “నువ్వు విశ్రాంతి తీసుకో అమ్మా. అమ్మమ్మని నేనొచ్చానుగా.”

మొన్న వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఆ మాటే అంటోంది. పాప పుట్టినప్పట్నుంచి రోజూ పొద్దున్న స్నానం పెరిహాన్ చేతి మీదుగానే జరిగేది. నిన్న అమ్మమ్మ చేయించింది. నిన్ననే బాయిలర్ ఆగింది. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

పద్దెనిమిదేళ్ల కాపురం పెరిహాన్‌ది. ఒడి నిండలేదు. మొదట్లో డాక్టర్లు, తర్వాత మొక్కులు, ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకపోవడం. చివరిదే అన్నిటికన్నా కష్టంగా గడిచింది. ఇప్పుడు మరిది సెర్హాత్‌కి పాప పుట్టింది, నాజ్లి. ఎవరెత్తుకున్నా కాళ్లు తన్నుకునే పిల్ల పెద్దమ్మ చేతిలో పడగానే నోరు మూసేస్తుంది. కుతాహ్యాలో ఎస్మా తండ్రికి పింగాణీ పలకల కార్ఖానా ఉంది. వచ్చి తోడుగా ఉండమని అల్లుణ్ణి శరత్కాలం నుంచీ పిలుస్తున్నాడు. సెర్హాత్ సరేననలేదు, కాదనీ అనలేదు. చలికాలమని ఒక్కసారి ఈ మెట్లు దిగారంటే ఇక ఎక్కరు. పెరిహాన్ భయమల్లా అదే. ఆ సంచీ జిప్పు మూతపడితే పాప వెళ్లిపోతుంది.

“బాయిలర్ మేస్త్రీ షాబాన్ ఫోనెత్తాడు!” ఫోన్ పట్టుకుని సెర్హాత్ పరుగున వచ్చాడు. స్పీకర్ పెట్టాడు.

“రాలేను తమ్ముడూ, ప్రాణం తీసినా రాలేను,” అంటోంది ఫోన్. “ఈ చలికి ఎస్కిషెహిర్ ఊరంతా బాయిలర్లే ఆగాయి. ఇవాళ ప్రతి ఇంటికీ నేనే పెళ్లికొడుకుని. రేపు సాయంత్రం వస్తా. ఈలోగా నేను చెప్పినట్టు చెయ్యి. ముందు ఆ గుండ్రటి మీటర్లో ముల్లెక్కడుందో చూడు.”

“ముల్లు… ఎక్కడ? ఇదా?”

“ఉష్ణోగ్రతది కాదు బాబూ, ఒత్తిడిది. అడుగున.”

సెర్హాత్ కళ్లద్దాలు సరిచేసుకుని, వంగి, తల పైపుకి కొట్టుకున్నాడు.

“పెరిహాన్ అక్కకివ్వండి,” అంది ఎస్మా. “అక్కకి తెలుసు. రోజూ ఆ బాల్కనీలోనేగా ఉండేది.”

ఎస్మా మామూలుగానే అంది. పెరిహాన్ మాత్రం తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది. కొంగు దోపినట్టు ఏప్రాన్ బిగించుకుని లోపలికి నడిచింది.

“సున్నా దగ్గరుంది మేస్త్రీ,” అంది, వంగి చూడకుండానే. తర్వాత గుర్తొచ్చి వంగి చూసింది.

“మరింకేం! గొట్టాల్లో నీళ్లు తక్కువైతే అది వెలగదు. వెలిగితే కాలిపోతుంది కనక తనే ఆగిపోతుంది, మనకంటే తెలివైంది. అడుగున నల్ల పిడి ఉంటుంది. మెల్లగా ఎడమకి తిప్పండి. ముల్లు ఒకటి దాటి రెండుకి రాకుండా, మధ్యలో ఉండగా ఆపెయ్యండి. గట్టిగా కట్టెయ్యండి, లేకపోతే మీద నుంచి కారుతుంది.”

పెరిహాన్ చెయ్యి చూడకుండానే పిడి మీదకి వెళ్లింది. గొట్టాల్లో నీళ్లు బుసబుసమంటూ ఎక్కాయి. ముల్లు లేచింది. అలవాటైన చోట ఆపింది.

“ఇప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకోండి.”

టిక్కు టిక్కుమంది. నీలిమంట భగ్గున వెలిగింది. వెనక ఎస్మా “అమ్మయ్య” అంది. అంతలోనే గుడగుడమని ఏదో మింగలేక కక్కినట్టు చప్పుడు చేసి బాయిలర్ మళ్లీ చచ్చిపోయింది.

“ఆ గుడగుడ నాకు వినబడింది!” ఫోన్లో మేస్త్రీ సంబరపడ్డాడు. “దొంగ దొరికాడు. బాయిలర్ కింద నుంచి ఒక సన్న గొట్టం బయటికి పోతుంది చూడండి, ఆవిరి చల్లారిన నీళ్లు దాన్లోంచి చుక్కచుక్కగా పోవాలి. ఆ గొట్టం బయట గడ్డకట్టింది. గోరువెచ్చని నీళ్లు పొయ్యండి. మరిగేవి పొయ్యకండి, గొట్టం పగులుతుంది. నా పందెం, దాంతో సరి.”

సెర్హాత్ టీ కెటిల్లో నీళ్లు పెట్టాడు. బాల్కనీ కిటికీ తీసి పెరిహాన్ సగం బయటికి వంగి పోసింది. గాలి మొహాన్ని కోసేస్తోంది. గొట్టం చివర నుంచి వేలెడు మంచుకడ్డీ జారి కింద వీధిలో పడి ముక్కలైంది. మళ్లీ రీసెట్. ఈసారి మంట నిలబడింది.

“చెప్పానా!” అన్నాడు మేస్త్రీ. “ఇక గొట్టాల్లో ఇరుక్కున్న గాలి తీసెయ్యండి. రేడియేటర్ పైమూల ఉన్న చిన్న మరని దాని తాళంచెవితో కొంచెం వదులు చెయ్యండి. గాలి పోయి నీళ్లు రాగానే బిగించండి. గుడ్డ పట్టుకోండి, లేకపోతే తివాచీ నల్లగా అవుతుంది, మీ అత్తగారు నన్ను తిడతారు. ఒక గంటాగి ముల్లు ఎక్కడుందో చెప్పండి.”

“నన్నెందుకు లాగుతాడు మధ్యలో!” అంది మక్బులె, కానీ నిన్నటి నుంచీ మొదటిసారి నవ్వింది.

గదిగదికీ తిరిగి, వేడినీళ్లు పారే గోడ రేడియేటర్లలోంచి గాలి తీశారు. సెర్హాత్ గుడ్డ పట్టుకుంటే పెరిహాన్ తాళంచెవి తిప్పింది. ఒక్కో రేడియేటర్ ఉస్సుమని నిట్టూర్చి, ఒక చెంచాడు నల్లనీళ్లు ఉమ్మింది. ఎస్మా కూర్చునే గదిలో, పెద్ద రేడియేటర్ కింద నేల మీద చెయ్యానించి కాసేపు అలాగే ఉండిపోయింది పెరిహాన్. ఆ పలకల కిందే పైపులు పోతాయి. ఆ కిందే తన ఇల్లు.

సంగతేమిటంటే, పాప పుట్టిన వారానికే ఆమె ఇంట్లో అతిథుల గది పైకప్పుకి అరచేయంత తడిమచ్చ కనబడింది. పండగలకీ పెద్ద చుట్టాలకీ తప్ప తాళం తియ్యని గది అది. భర్త నెజ్మి చక్కెర మిల్లు షిఫ్టులవాడు, ఆ గది గుమ్మం చూసి ఎన్నాళ్లయిందో అతనికే తెలీదు. ఆమె దుమ్ము దులపడానికి వెళ్లింది కనక చూసింది. చూడగానే అర్థమైంది, పై ఇంటి నేల కింద పైపు కారుతోంది. చెబితే మర్నాడే మేస్త్రీ వచ్చి నేల పగలగొడతాడు. ఇల్లంతా సిమెంటు దుమ్ము. బాలింతనీ పాపనీ ఆ రోజే కుతాహ్యాకి పంపేస్తారు.

నలభై నిండనీ, అప్పుడు చెబుదాం అనుకుంది. చుక్క పడేచోట అందుబాటులో ఉన్న గిన్నె పెట్టి, తలుపు వేసి తాళం బిగించింది.

తర్వాత పైన ముల్లు పడిపోవడం చూసింది. రోజూ పాప స్నానమయ్యాక నీళ్లు పారబోసొస్తానని బాల్కనీలోకి వెళ్లి, పిడి తిప్పి ముల్లు ఎక్కించి వచ్చేది. పైన తను పోసిన నీళ్లే కింద తన గదిలో కురుస్తున్నాయని ఆమెకి తెలుసు. తెలిసే పోసింది. అరచేయంత మచ్చ దుప్పటంత అయింది. హిక్మెత్ వచ్చి స్నానం తను చేయించడంతో పిడి తిప్పే చెయ్యి లేకుండా పోయింది.

ఇల్లు కొంచెం వెచ్చబడింది. మక్బులె పై కోటు విప్పింది. హిక్మెత్ మాత్రం సంచీ విప్పలేదు. టీలు పోశారు, నువ్వులద్దిన సిమిట్ రొట్టెలు తుంచుకున్నారు. బాలింతకి దిష్టి తగలకుండా ఎస్మా తలకి కట్టిన ఎర్ర రిబ్బను జారితే అత్తగారే లేచి మళ్లీ కట్టింది.

“ముల్లు చూడు,” అంది హిక్మెత్ అల్లుడితో.

సెర్హాత్ వెళ్లాడు. వెంటనే రాలేదు. వచ్చి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“సగానికి దిగింది.”

హిక్మెత్ గ్లాసు కింద పెట్టింది, శబ్దం రాకుండా. ఆ జాగ్రత్తలోనే అంతా ఉంది.

“సరే,” అంది మక్బులె. “దీనికింత ఆలోచనెందుకు? మేస్త్రీ రేపొస్తాడు. ఈ ఒక్క రోజుకి కుతాహ్యాకి పోవడమేమిటి? కింద పెరిహాన్ ఇంటి బాయిలర్ వేరు, వెచ్చగా లేదూ! అతిథుల గది ఖాళీగానే ఏడుస్తోంది. రేడియేటర్ తిప్పితే క్షణంలో వేడెక్కుతుంది. తల్లీపిల్లా అక్కడ పడుకుంటారు. గుమ్మం దాటినట్టూ కాదు, చలికి వదిలినట్టూ కాదు.”

ఎస్మా మొహం విప్పారింది. “నిజమే అత్తయ్యా! నాకు తట్టనేలేదు. అక్కా, నీకేం ఇబ్బంది లేదుగా?”

అడగక్కర్లేని ప్రశ్న అది. ఎప్పుడెప్పుడు అడుగుతారా అని పెరిహాన్ ఎన్ని రోజులుగా ఎదురుచూసిందో! పాప తన ఇంట్లో, తన గోడల మధ్య ఏడవడం, నవ్వడం. ఇప్పుడు అడిగారు.

“ఆ గది వద్దు,” అంది.

“ఎందుకు?”

“సోఫాలకి తొడుగులు వేసున్నాయి. సర్దలేదు.”

“తొడుగులు తీసేస్తే పోలా?” అంది మక్బులె. “సుల్తాను వచ్చినా ఆ గదికి తాళం తియ్యవనుకో, సొంత మరిది కూతురికి కూడానా?”

“తీయనంటున్నానుగా అత్తయ్యా.”

మా పడగ్గది ఇస్తానని అనాలనుకుంది. అంటే, పడగ్గది ఇచ్చేదానివి ఆ గదెందుకివ్వవని అడుగుతారు. ఎటు తిరిగినా ఆ తాళం దగ్గరికే వస్తోంది మాట. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“సరే వదినా,” అన్నాడు సెర్హాత్, నేల చూస్తూ. “నీ ఇల్లు. నీ ఇష్టం.”

ఎస్మా పాప మొహం మీది శాలువా సర్దింది, సర్దిందే మళ్లీ సర్దింది. ఎస్మా కళ్లు నిండాయి. అక్కంటే ప్రాణం పెట్టే పిల్ల. రాయిలాంటి మాట అక్క నోట వినడం అదే మొదటిసారి.

“ఎవరి సామాను వాళ్లకి ముద్దు,” అంది హిక్మెత్ తేలిగ్గా. “అందుకే అమ్మాయ్, పుట్టిల్లనేది ఒకటుంటుంది.”

వీధిలో కారు హారన్ మోగింది. రెండుసార్లు, పొట్టిగా. ఎస్మా తండ్రి పద్ధతి అది. దిగడు, పిలుస్తాడు.

హిక్మెత్ సంచీ జిప్పు పూర్తిగా లాగింది. ఎస్మా కోటు తొడుక్కుంది. మక్బులె “నలభై…” అని మొదలెట్టి ఆపేసింది. ఉన్న ఒక్క దారినీ పెద్ద కోడలే మూసేసింది.

సెర్హాత్ ఫోన్ మోగింది. మేస్త్రీ.

“ఏమైంది తమ్ముడూ నా ముల్లు?”

“సగానికి దిగింది.”

“అదేమిటి! గాలి తీశారు, గొట్టం కరిగింది…” కాస్త ఆగాడు. “అయితే నా పందెం నేనే ఓడాను. ఒక పని చెయ్యి. కాగితం రుమాలు తీసుకుని ప్రతి రేడియేటర్ కింద మరల దగ్గర ఒత్తు. తడైతే అక్కడే కారుతున్నట్టు. బాయిలర్ అడుగున రాగి గొట్టం చివర కూడా చూడు.”

కోటు తొడుక్కున్న ఎస్మా గుమ్మంలో, సంచీ పట్టుకున్న హిక్మెత్ వసారాలో నిలబడిపోయారు. సెర్హాత్ గదులు తిరిగొచ్చాడు. చేతిలో రుమాళ్లు పొడిపొడిగా ఉన్నాయి.

“ఎక్కడా తడి లేదు.”

“అయితే నేల కింద పోతోంది,” అన్నాడు మేస్త్రీ. “నీళ్లు మాయం కావు కదా, ఎక్కడికో పోవాలి. మీ కింద ఎవరుంటారు?”

“మా అన్నయ్యా వదినా.”

“ఇంకేం, ఇంట్లోవాళ్లే. వెళ్లి వాళ్ల పైకప్పు చూడండి. అన్ని గదులూ చూడండి. మచ్చుంటే అదే చోటు.”

అన్ని గదులూ. నలుగురి కళ్లూ ఒకేసారి పెరిహాన్ ఏప్రాన్ జేబు మీద పడ్డాయి. తాళంచెవి ఆ జేబులో ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు.

“పద,” అంది మక్బులె, కుర్చీలోంచి లేస్తూ. గొంతులో కోపం లేదు. అదే పెరిహాన్‌ని భయపెట్టింది.

పెరిహాన్ ముందు, మిగతావాళ్లు వెనక మెట్లు దిగారు. అబద్ధం చెప్పడానికి ఇంకా టైముంది. ఇవాళే కారినట్టుంది అనచ్చు. నిన్న చూడలేదు అనచ్చు. అతిథుల గది ముందు నిలబడి, అన్ని అబద్ధాలనీ ఒక్కొక్కటిగా ఎంచి చూసింది. గదిలో ఉన్న ఆ ఒక్క వస్తువు ముందు ఏదీ నిలవదు. తాళం తీసింది.

తడి సున్నం వాసన ముందు బయటికొచ్చింది.

తివాచీ చుట్టి గోడకి ఆనించి ఉంది. తెల్ల తొడుగుల సోఫా ఒకటి పక్కకి లాగి ఉంది. పైకప్పున దుప్పటంత మచ్చ, మధ్యలో రంగు ఉబ్బి వేలాడుతోంది. దాని కింద, ఉత్త నేల మీద, సగం నిండిన రాగి బేసిన్.

చుక్క ఒకటి పడింది. టప్.

మక్బులె పైకప్పు వంక చూడనే లేదు.

“దొరికిందన్నమాట,” అంది.

“మచ్చ ఉందా?” సెర్హాత్ చేతిలో ఫోన్ అడుగుతోంది. “తమ్ముడూ, ఉన్నావా? ఎంతుంది మచ్చ?”

“దుప్పటంత,” అంది పెరిహాన్. ఆమే చెప్పింది.

“అయ్యయ్యో, అది ఒక రోజులో అయింది కాదమ్మా! వారాల నుంచి కారుతోంది. ఇన్నాళ్లూ బాయిలర్ ఎలా నడిచింది? ఎవరో రోజూ నీళ్లు ఎక్కిస్తేనే తప్ప… సరేలే, ఇక పొయ్యకండి. ఎంత పోస్తే అంతా మీ నెత్తినే పడుతుంది. పిడి కట్టేసి ఉంచండి, నేల పగలగొట్టాల్సిందే.”

సెర్హాత్ ఫోన్ ఆపేశాడు.

ఎస్మా గది లోపలికి వచ్చింది. బేసిన్ చుట్టూ సగం తిరిగి, పెరిహాన్ ఎదురుగా నిలబడింది. పాప శాలువాలో నిద్రపోతోంది.

“అక్కా, రోజూ స్నానమయ్యాక నీళ్లు పారబోసొస్తానని బాల్కనీలోకి వెళ్లేదానివి. దీనికేనా?”

“అవును.”

“నువ్వు పాప కోసం వస్తున్నావనుకున్నా నేను.”

“పాప కోసమే వచ్చాను. పిడి కూడా పాప కోసమే తిప్పాను. చెబితే నేల తవ్వుతారు. తవ్వితే మీరు వెళ్లిపోతారు. వెళితే ఇక రారు. మీ నాన్న కార్ఖానా ఉంది, మీ అమ్మ ఉంది. నాకేముంది ఎస్మా? పొద్దున్నే ఆ పది వేళ్లూ కడగడం తప్ప నాకేముంది?”

“పసిపిల్లని చలిలో వణికించి మరీ అట్టిపెట్టుకోవాలనుకుందన్నమాట!” అంది గుమ్మంలోంచి హిక్మెత్.

“అమ్మా, నువ్వుండు.” ఎస్మా తల్లి వైపు తిరగలేదు. “అక్కా, కార్ఖానాకి రానని సెర్హాత్ మా నాన్నకి పోయిన వారమే చెప్పేశాడు. మేమిక్కడే ఉంటామని చెప్పాడు. అందుకే అమ్మ పరిగెత్తుకొచ్చింది, మనసు మారుద్దామని. నలభై రోజుల స్నానం నాడు నీకు చెప్పి, ఈ బేసిన్‌లో నీ చేతే మొదటి చెంబు పోయిద్దామనుకున్నాం.”

టప్.

పెరిహాన్ సోఫా చెయ్యి పట్టుకుంది. పాపను నిలుపుకోవడానికి ఆమె వేసిన తాళం, తిప్పిన పిడి, చెప్పిన అబద్ధాలు ఏవీ అక్కర్లేదు. అవేవీ లేకపోతే పాప ఎటూ పోయేది కాదు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని అనిపించింది.

“ఇప్పుడూ ఉంటారుగా?” అంది. అడిగే హక్కు తనకి లేదని తెలిసే అడిగింది. “మా పడగ్గది వెచ్చగా ఉంది ఎస్మా. మంచం ఇప్పుడే వేస్తాను. పాపని నాకివ్వకు, నేను ముట్టుకోను, సరేనా? ఉంటే చాలు.”

ఎస్మా పాప వంక చూసింది, పైకప్పు వంక చూసింది. కింద హారన్ మళ్లీ మోగింది.

“నాకేం తెలీట్లేదక్కా,” అని, తల వంచుకుని గది దాటి మెట్లు దిగడం మొదలెట్టింది. వెనక హిక్మెత్, సంచీ రెయిలింగుకి తగులుకుంటూ. వాళ్ల వెనక సెర్హాత్, “ఎస్మా, ఆగు, ఒక్క మాట” అంటూ.

గదిలో అత్తాకోడళ్లు మిగిలారు. మక్బులె మోకాళ్లు పట్టుకుని వంగి, బేసిన్ అంచు వేలితో రాసి చూసింది. లోపల సున్నపు చార కట్టింది.

“ఆ నీళ్లు పారబోసి చారలేకుండా తోమి పెట్టు,” అంది మక్బులె. “వాళ్లుంటే స్నానానికి కావాలి. లేదంటే అటకెక్కించాలి.”

మొహం చూపించకుండా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

పెరిహాన్ బేసిన్ రెండు చేతులా ఎత్తింది. నీళ్లు తొణికాయి. అంతలో కింద, మెట్ల చివర, పాప లేచి ఏడుపు అందుకుంది. ఎవరు ఊరుకోబెట్టినా ఊరుకోని ఆ గుక్క పెరిహాన్‌కి కొట్టిన పిండి. ఎస్మా ఏదో అంటోంది, హిక్మెత్ ఏదో అంటోంది, ఏదీ తెలియడం లేదు.

బేసిన్ పట్టుకుని అలాగే గుమ్మంలోకి వచ్చి నిలబడింది పెరిహాన్. వీధి తలుపు పాత ఇనుప తలుపు, తీస్తే మూడంతస్తులకీ వినబడుతుంది. కింద అడుగులు ఆగాయి. పాప ఏడుస్తూనే ఉంది. తలుపు మాత్రం ఇంకా చప్పుడు చెయ్యలేదు.